పేటెంటు నోటీసు వస్తే ముందు ఏం చూడాలి

చిరంజీవికి ఆశీస్సులు.

మీ లాగిన్, అప్రూవల్ సాఫ్ట్‌వేర్ మీద అమెరికా పేటెంటు నోటీసు వచ్చిందన్నావు. ముందు ఈమెయిళ్ళూ, పాత కోడ్ వెర్షన్లూ ఎవరూ చెరపకుండా ఆపించు. ఇంజనీర్లు చాట్‌లో "మనదీ ఇదేగా" అని రాసుకోకూడదు, రేపు అదే సాక్ష్యమవుతుంది. కావాలనే ఉల్లంఘించారని తేలితే జడ్జి పరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచొచ్చు.

పేటెంటు ఇంకా బతికే ఉందా? మామూలుగా దాఖలైన తొలి తేదీ నుంచి 20 ఏళ్ళు. జారీ అయ్యాక మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్ళకి ఫీజు కట్టాలి, కట్టకపోతే రద్దవుతుంది. అయితే గడువు తీరిన పేటెంటు మీద కూడా, అది అమల్లో ఉన్న రోజులకి పరిహారం అడగొచ్చు. దావా వేసిన నాటి నుంచి వెనక్కి ఆరేళ్ళే లెక్క.

పేరూ, సారాంశమూ చూసి బెదిరిపోకు. హక్కంతా క్లెయిముల్లోనే, అంటే పేటెంటు చివర హక్కు హద్దులు చెప్పే అంకెలేసిన వాక్యాల్లోనే ఉంటుంది. ఇండిపెండెంట్ క్లెయిముల్ని (ఇంకో క్లెయిము మీద ఆధారపడనివాటిని) ముక్కలు చేసి పట్టిక వెయ్యి: ఎడమవైపు క్లెయిము ముక్క, కుడివైపు మీ కోడ్‌లో అది జరిగే చోటు. "హోదాని బట్టి ఖాతాలు తేల్చి, మేనేజరు ఒప్పుకునేదాకా అభ్యర్థనని ఆపి, గడువు దాటితే పై అధికారికి పంపడం" అని ఉందనుకో. మీది గడువు దాటగానే అభ్యర్థనని రద్దు చేసేస్తే, ఆ చివరి ముక్క మీలో లేదు. ఒక్క ముక్క లేకున్నా అక్షరాలా ఉల్లంఘన కాదు. "పద్ధతి వేరైనా సారంలో రెండూ ఒకటేలే" అని అవతలివాళ్ళు ఎలాగూ వాదిస్తారు. తేడా ఏమిటో ఇప్పుడే లాయరుకి వివరించు.

అసలు బలం పాత కాగితాల్లో ఉంది: పేటెంటులో ఉన్నది అంతకుముందే లోకానికి తెలిసిందని చూపిస్తే అది చెల్లదు. హోదాని బట్టి అనుమతులివ్వడం గురించి ఫెరాయొలో, కూన్‌ల పత్రం 1992 నాటిది. యూజర్ల వివరాల డైరెక్టరీని వెతికే పద్ధతి ఎల్‌డాప్ (LDAP) తొలి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 1993లో, పనులు ఒకరి నుంచి ఒకరికి నడిపే సాఫ్ట్‌వేర్ల మీద వర్క్‌ఫ్లో కూటమి (WfMC) రిఫరెన్స్ మోడల్ 1995లో, లాగిన్ సమాచారాన్ని సైట్ల మధ్య పంచుకునే సామెల్ (SAML) 1.0 ప్రమాణం 2002లో వచ్చాయి. వీటిని పేటెంటు ప్రయారిటీ తేదీతో (ఆ ఆవిష్కరణకి లెక్కలోకొచ్చే తొలి దరఖాస్తు తేదీతో) పోల్చు, జారీ తేదీతో కాదు.

పేటెంటు ఆఫీసులో ఐపీఆర్ (జారీ అయిన పేటెంటు చెల్లదంటూ మళ్ళీ పరిశీలించమనే అర్జీ) వేయాలంటే పాత పేటెంట్లూ, ప్రచురణలే పనికొస్తాయి. పాత సాఫ్ట్‌వేర్ సీడీ ఒక్కటీ చాలదు, దాని మాన్యువలూ, అది అప్పట్లో జనానికి అందిందన్న రుజువూ కావాలి. కోర్టులో వేసిన దావా ఫిర్యాదు మీకు అందిన ఏడాదిలోపే ఐపీఆర్ వేయాలి. ఉత్తి నోటీసు ఉత్తరానికి ఈ గడువు లేదు, కానీ ఫిర్యాదు చేతికందితే కోర్టులో జవాబుకి సాధారణంగా 21 రోజులే.

అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన ఆలిస్ తీర్పూ ఉంది: ఆఫీసులో మనుషులు చేసే ఆమోదాన్నే కంప్యూటర్‌కెక్కిస్తే పేటెంటు నిలవకపోవచ్చు. క్లెయిములో నిజమైన సాంకేతిక మెరుగుదల ఉంటే మాత్రం ఆ వాదన తేలిపోతుంది. దీన్నొక్కదాన్నే నమ్ముకోకు.

కస్టమర్లకీ నోటీసులు వెళ్ళాయేమో కనుక్కో. వాళ్ళ ఒప్పందాల్లో మీరు పూచీ ఎంతవరకు పడ్డారో చూడకుండా వాళ్ళకి జవాబివ్వకు.