ఉత్త కామెడీకే మా ఆవిడ చేతులు చల్లబడిపోతాయి, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 35, మా ఆవిడకి 31. పెళ్లయి 6 ఏళ్లు. ఇద్దరం కామెడీ బాగా చూస్తాం. కానీ రేప్ మీదో, ఆడపిల్లని బలవంతం చేయడం మీదో జోక్ వస్తే చాలు, తను లేచి పక్క గదిలోకి వెళ్లిపోతుంది. రెండు సార్లు చేతులు చల్లబడి వాంతి కూడా అయింది, ఆ రాత్రి నిద్ర ఉండదు. ఏమైందే అంటే ఏం లేదంటుంది. మొన్న ఫ్రెండ్స్ ఫ్యామిలీలతో వచ్చినప్పుడు కూడా అలాగే లేచిపోతే, జోక్‌ని జోక్‌లా తీసుకోవడం నేర్చుకో అని అందరి ముందే అనేశాను. అప్పట్నుంచి సరిగ్గా మాట్లాడట్లేదు. మరీ ఇంత సెన్సిటివ్‌గా ఉండటం జబ్బా, నరాల వీక్‌నెస్సా? టాబ్లెట్ ఏదైనా రాయండి. (పేరు వద్దన్నారు)

జవాబు: టాబ్లెట్ సంగతి చివర్లో చెప్తాను, నరాల వీక్‌నెస్ మాత్రం కాదు. మీరు ఉత్తరం మొత్తం ఆవిడ గురించే రాశారు, ఆ జోక్ ఏంటో ఒక్క ముక్క కూడా రాయలేదు. అంటే జోక్‌లో ఏ తేడా లేదు, తేడా అంతా మనిషిలోనే ఉంది అని ముందే ఫిక్స్ అయిపోయారన్నమాట. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు, నేనూ అలాంటివాడినే. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నైట్ డ్యూటీ రూమ్‌లో ఒక సీనియర్ అప్పుడే వచ్చిన ఒక కేసు మీద జోక్ వేశాడు, అందరం పగలబడి నవ్వాం, నేను ఇంకాస్త గట్టిగానే నవ్వాను ఎందుకంటే సీనియర్ కదా. మూలన ఇంజెక్షన్ లోడ్ చేస్తున్న సిస్టర్ ఒక్కతే నవ్వలేదు, ట్రే తీసుకుని బయటికెళ్లింది. "ఆవిడకి సెన్స్ ఆఫ్ హ్యూమర్ లేదు" అన్నాం. జోక్ నాకిప్పుడు గుర్తు లేదు, ఆవిడ వెళ్లిపోవడం మాత్రం గుర్తుంది.

ముందు ఒంటి సంగతి. భయం పుట్టగానే మెదడు అడ్రినలిన్ వదిలిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి చేతులు చల్లబడతాయి, కడుపు తిప్పేస్తుంది. ఇది మనిషి ఆలోచించి చేసేది కాదు, కావాలని ఆపుకోగలిగేదీ కాదు. ఆ టాపిక్ వచ్చిన ప్రతిసారీ ఇలా అవుతోంది, ఆ రాత్రి నిద్ర పట్టట్లేదు, తను ముందే తప్పించుకు పోతోంది అంటే పాత గాయం ఏదైనా ఉండొచ్చేమో అని ఏ డాక్టర్‌కైనా అనుమానం వస్తుంది. ఉందని నేను అనట్లేదు, ఉత్తరం చూసి ఎవరూ చెప్పలేరు, అసలు ఏమీ జరక్కపోయినా చూసిందో విన్నదో ఇలా పట్టుకోవచ్చు. కానీ ఒక లెక్క చూడండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం భాగస్వామి చేతిలో దెబ్బలో, ఎవరో ఒకరి చేతిలో లైంగిక హింసో జీవితంలో ఒక్కసారైనా ఎదుర్కొన్న ఆడవాళ్లు దాదాపు 30 శాతం, అంటే ముగ్గురిలో ఒకరు. మొన్న మీ ఇంట్లో ఆరుగురు ఆడవాళ్లు కూర్చున్నారనుకోండి, ఆ లెక్కన ఇద్దరు. బయటికి వెళ్లింది మీ ఆవిడ ఒక్కతే, అంతే తేడా.

ఇక మీరు వదిలేసిన జోక్ దగ్గరికి వద్దాం. ఇలాంటి కామెడీలో బాగా నలిగిన డైలాగ్ ఒకటుంది, "మరి అప్పుడు అరవలేదేం, నచ్చే ఉంటుంది". స్టాక్‌హోమ్‌లో రేప్ బాధితుల కోసం ఉన్న ఎమర్జెన్సీ క్లినిక్‌కి వచ్చిన 298 మంది ఆడవాళ్లని అడిగి 2017లో ఒక స్టడీ వేశారు, అందులో 70 శాతం మందికి ఆ టైమ్‌లో ఒళ్లు గణనీయంగా బిగుసుకుపోయింది, చెయ్యి కదల్లేదు, గొంతు పెగల్లేదు. 48 శాతం మందిలో అది చాలా తీవ్రంగా ఉంది. ఇలా కొయ్యబారిపోయినవాళ్లకి తర్వాత పీటీఎస్‌డీ (జరిగిన ఘోరం మనసుని వదలకుండా వెంటాడే జబ్బు), డిప్రెషన్ ఎక్కువగా వచ్చాయి. అంటే వాళ్లని జీవితాంతం లోపల తినేసే ప్రశ్న ఏదో, నేనెందుకు అరవలేకపోయాను అనేది, సరిగ్గా దాన్నే తీసుకొచ్చి జోక్ చేస్తున్నాం, పైగా వెనకాల రికార్డ్ చేసిన నవ్వులు వేసి మరీ.

ఆ రికార్డ్ నవ్వులు ఊరికే పెట్టరు కదా, పక్కోడు నవ్వితే మనకీ నవ్వొస్తుంది, ఇది నవ్వదగ్గ విషయమే అని ఒక పర్మిషన్ దొరుకుతుంది. అసలు డ్యామేజ్ ఆ పర్మిషన్‌లో ఉంది. అమెరికాలో థామస్ ఫోర్డ్ అనే సైకాలజిస్ట్ టీమ్ 2008లో కొందరికి ఆడవాళ్లని కించపరిచే కామెడీ, ఇంకొందరికి మామూలు కామెడీ చూపించి, స్టూడెంట్ సంఘాల నిధుల్లో ఎవరికెంత కోత పెడతారో చెప్పమంది. ఆడవాళ్లంటే ముందే మనసులో కక్ష ఉన్న మగవాళ్లు ఆ కామెడీ చూశాక మహిళా సంఘానికి ఎక్కువ కోత పెట్టారు. ఇంగ్లండ్‌లో కెంట్ యూనివర్సిటీ వాళ్లు 2013లో ఇంకా దగ్గరికెళ్లారు, తెలిసినవాడే అమ్మాయిని బలవంతం చేసే సంఘటన చదివించి నువ్వైతే అలా చేసేవాడివా అని అడిగితే, ఆడవాళ్లని కించపరిచే జోకులు చదివిన తర్వాత, అదే కక్ష ఉన్న మగవాళ్లే చేస్తామేమో అనే వైపు ఎక్కువ మొగ్గారు. గమనించారా, జోక్ మంచోడిని చెడగొట్టేసిందని ఎవరూ చెప్పట్లేదు. లోపల ఉన్నవాడికి తలుపు తీసింది, అంతే. గదిలో నవ్వుతున్న పదిమందిలో అలాంటివాడు ఎవరో మీకు తెలీదు, కానీ మీ నవ్వు వాడికి వినిపిస్తుంది.

మరి ఈ టాపిక్ మీద అస్సలు నవ్వకూడదా అంటే, నా దగ్గరికి వచ్చే కొందరు తమకి జరిగిన దాని మీద తామే భయంకరమైన జోకులు వేస్తారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. అక్కడ నవ్వులపాలయ్యేది చేసినవాడు, లేదా పోలీస్ ముందు పదిసార్లు అదే కథ చెప్పించిన సిస్టమ్. నవ్వు ఎవరి మీద పడుతోంది అన్నదే పాయింట్. జైల్లో మగవాడికి జరిగే దాని మీద వేసే జోకులకీ ఇదే లెక్క వర్తిస్తుంది, అవి చాలామందికి అసలు జోకులని కూడా అనిపించవు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు ఆ రోజు అందరి ముందు అన్నదానికి సారీ చెప్పండి, "కానీ నువ్వు కూడా" అని తోక తగిలించకుండా. తర్వాత దయచేసి ఏం జరిగింది, ఎవడు, ఎప్పుడు అని తవ్వకండి. చెప్పాలనుకుంటే నేను వింటాను, చెప్పకపోయినా పర్లేదు, అంతవరకే. ఒకవేళ చెప్తే మధ్యలో అడ్డుపడకుండా వినండి, ముందే ఎందుకు చెప్పలేదు అని మాత్రం నోరు జారొద్దు. అలాంటి సీన్ వస్తే మీరే మార్చేయండి, తన ముఖం వైపు చూసి చెక్ చేయడం లాంటివి వద్దు.

నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం నెల దాటి కూడా ఉంటే తన ఇష్టంతోనే సైకియాట్రిస్ట్‌కో క్లినికల్ సైకాలజిస్ట్‌కో చూపించండి. ట్రామా మీద పనిచేసే థెరపీలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి, అవసరమైతే సెర్ట్రాలిన్ లాంటి మందులూ ఇస్తారు. మెడికల్ షాపులో నిద్రమాత్రో, ఆల్ప్రజోలమో అడిగి తెచ్చి ఇవ్వకండి, పీటీఎస్‌డీకి అవి పనిచేయవు, పైగా అలవాటైపోతాయి. తనకి ఇప్పుడే రావాలని లేకపోతే లాక్కురావద్దు, ముందు మీరొక్కరే వచ్చి మాట్లాడినా మాకు అభ్యంతరం ఉండదు.