సంగీత సందేహాలు: వయొలిన్ ఎక్కడ నిలబడి వినిపిస్తోంది?

ప్రశ్న: బ్రామ్స్ స్వరపరచిన వయొలిన్ కన్సర్టో (సోలో వయొలిన్, వాద్యబృందం కలిసి వాయించే కృతి) కొత్త రికార్డింగును 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా కొన్నాను. అయినా మామూలు సీడీ మీద ఉన్న 1950ల నాటి రికార్డింగే నాకు ప్రాణమున్నట్టు వినిపిస్తోంది. లోపం నా చెవిలో ఉందా, పరికరంలో ఉందా?

జవాబు: రెంటిలోనూ లేదనే నా నమ్మకం. మీరు రాసిన అంకెలు పాత్ర ఎంత పెద్దదో చెబుతాయి. అందులో ఏం పోశారో చెప్పవు. బిట్లు ఒక్కో ధ్వని నమూనాను ఎంత సూక్ష్మంగా కొలిచారో చెబుతాయి. సీడీలోని 16 బిట్లలో అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ నడుమ దాదాపు 96 డెసిబెల్స్ అంతరం పడుతుంది. సెకనుకు 44,100 నమూనాలు తీస్తారు కనుక అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ శ్రుతి దాకా ధ్వని నమోదవుతుంది. మనిషి చెవి లేత వయసులో సైతం 20 కిలోహెర్ట్జ్ దాటి వినడం అరుదు. 24 బిట్ల వల్ల అసలు మేలు రికార్డు చేసేవారికి. వాద్యబృందం ఏ క్షణాన ఎంత బిగ్గరగా మోగుతుందోనని ముందుజాగ్రత్తగా స్థాయిని బాగా తగ్గించి పెట్టుకున్నా అడుగున రొద చేరకుండా అవి కాపాడతాయి. ఆ రికార్డింగునే శ్రద్ధగా 16 బిట్లకు మార్చి మనకు ఇస్తే తేడా పట్టుకోవడం చాలా కష్టం.

మీరు చెప్పిన ఆ ప్రాణం వాయించిన హాలు నుంచి, మైకులు పెట్టిన చోటు నుంచి వస్తుంది. 1954 మార్చిలో ఆర్‌సీఏ సంస్థ చికాగో ఆర్కెస్ట్రా హాల్లో, ఫ్రిట్జ్ రైనర్ నిర్దేశకత్వంలో, రిఖార్డ్ స్ట్రౌస్ కృతులను ఎడమ, కుడి ధ్వనులను వేరువేరుగా పట్టే రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేసింది. అవి ఈనాటికీ మంచి స్పీకర్ల మీద ఆశ్చర్యపరుస్తాయి. మెర్క్యురీ సంస్థ స్టీరియో రికార్డింగులకు వాద్యబృందం ముందు మూడు మైకులనే దూరదూరంగా నిలిపింది. డెక్కా ఇంజనీర్లు నిర్దేశకుని తలకు పైగా, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో మూడు మైకులను వేలాడదీసే పద్ధతిని రూపొందించారు. మైకులు తక్కువైనప్పుడు ప్రతి వాద్యం నేరుగా పంపే ధ్వనీ, గోడలను తాకి కొద్ది ఆలస్యంగా వచ్చే మోతా సహజమైన వరసలోనే చెవికి చేరతాయి కనుక ఎవరు ముందు కూర్చున్నారో, ఎవరు వెనక ఉన్నారో తెలుస్తుంది. వాద్యానికొక మైకు పెట్టి ఆ తరవాత కలిపితే స్పష్టత పెరుగుతుంది, కాని అందరూ ఒకే గీత మీద కూర్చున్నట్టుంటుంది. లండన్‌లోని కింగ్స్‌వే హాలు కింద భూగర్భ రైలు వెళ్తున్న గుడగుడ కొన్ని రికార్డింగుల్లో వినిపిస్తుంది. అయినా ఇంజనీర్లు దశాబ్దాల పాటు ఆ హాలునే కోరుకున్నారంటే అక్కడి మోత ఎంత అందమైనదో ఊహించుకోవచ్చు.

మీ దగ్గరున్న రెండు బ్రామ్స్ రికార్డింగుల్లోనూ రెండో భాగాన్ని పక్కపక్కనే పెట్టి వినండి. మొదట ఓబో అనే ఊదే వాద్యం చాలాసేపు పాడుతుంది, వయొలిన్ ఎదురుచూస్తుంది. మంచి రికార్డింగులో ఓబో బృందం నడుమ, కాస్త వెనక నుంచి వినిపిస్తుంది. వయొలిన్ ప్రవేశించాక కూడా అది తన చోటు వదలదు, తన పరిమాణం కోల్పోదు. సోలో వాద్యానికి దగ్గరగా పెట్టిన మైకును అతిగా పెంచిన రికార్డింగులో వయొలిన్ గోడంత వెడల్పై, వెనక బృందమంతా తెర చాటుకు పోయినట్టుంటుంది. 1955లో వయొలిన్ విద్వాంసుడు యాషా హైఫెట్జ్ రైనర్‌తో కలిసి చేసిన బ్రామ్స్‌లోనూ వయొలిన్ బాగా ముందుకే ఉంటుంది. కాని వెనక బృందం కుంచించుకుపోదు కనుక నేను దాన్ని దోషంగా ఎంచను. కమాను తీగను తాకే తొలి క్షణపు గరుకు సైతం అందులో వినిపిస్తుంది, నాకది ఎంతో ఇష్టం.

ప్రశ్న: సిబేలియస్ కన్సర్టో మొదట్లో ఏమీ వినబడక వాల్యూమ్ పెంచుతాను, తరవాత అదిరిపడి తగ్గిస్తాను. రికార్డింగు సరిగా లేదా?

జవాబు: సరిగా ఉండబట్టే అలా జరుగుతోంది. ఆ కృతి మ్యూట్ (ధ్వనిని మెత్తబరిచే చిన్న సాధనం) బిగించిన వయొలిన్ల అతి మెల్లని వణుకుతో మొదలవుతుంది. దాని మీదికి సోలో వయొలిన్ వస్తుంది. మొదట పూర్తి బృందం బిగ్గరగా మోగే ఘట్టం పెట్టి, మీ చెవి హాయిగా తట్టుకునే చోట వాల్యూమ్ నిలిపి, తిరిగి మొదటికి వచ్చి, ఇక ముట్టుకోకుండా వినండి. గది నిశ్శబ్దంగా ఉండటం అవసరం. ఇరుగుపొరుగు నిద్ర చెడకూడదని కొన్ని పరికరాల్లో ఉంచే ‘నైట్ మోడ్’ మెల్లనిదాన్ని పెంచి, పెద్దదాన్ని అణచేస్తుంది. ఈ సంగీతం వినేటప్పుడు దాన్ని తప్పక ఆపివేయండి.

ప్రశ్న: ఎంపీ3 సరిపోతుందా, ఫ్లాక్ తప్పనిసరా?

జవాబు: సీడీ సెకనుకు 1,411 కిలోబిట్లు వాడుతుంది, ఫ్లాక్ అనే ఫైలు రకం ఏదీ పోగొట్టకుండా దాన్ని ఇంచుమించు సగానికి కుదిస్తుంది. 320 కిలోబిట్ల ఎంపీ3ని దానితో పోల్చి గుర్తుపట్టగలవారు తక్కువే. 128 దగ్గర మాత్రం వయొలిన్ పైస్థాయిలో ఒక విధమైన తడితడి గరగర వినబడవచ్చు. అయితే ఎవరూ పట్టించుకోని ఇబ్బంది ఒకటుంది. మెండెల్సన్ వయొలిన్ కన్సర్టోలో మొదటి భాగం ముగియగానే బస్సూన్ అనే మంద్రస్వరపు ఊదే వాద్యం ఒక్క స్వరాన్ని వదలకుండా పట్టుకుని మనల్ని రెండో భాగంలోకి చేయిపట్టి తీసుకెళ్తుంది. ఎంపీ3 తయారయ్యే విధానంలోనే ఫైలు మొదటా చివరా కొద్ది నిశ్శబ్దం చేరుతుంది. ప్లేయరు దాన్ని తొలగించకపోతే ఆ స్వరం నడుమ తెగుతుంది. అంత సున్నితమైన వంతెన విరగడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ప్లేయరులో ‘గ్యాప్‌లెస్’ సదుపాయం ఉందో లేదో ముందు ఆ చోటు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల నాటి కన్సర్టోలు ఇప్పుడు వినదగినవేనా?

జవాబు: తప్పకుండా. 1932లో పదహారేళ్ల వయొలిన్ వాద్యకారుడు యెహూది మెనుహిన్, స్వయంగా స్వరకర్త ఎల్గార్ నిర్దేశకత్వంలో, ఎల్గార్ వయొలిన్ కన్సర్టోను లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో వాయించారు. రికార్డు ఒక్కో వైపు ఐదు నిమిషాలైనా పట్టని కాలమది. ముక్కలు ముక్కలుగా వాయించిన ఆ కృతి ఏకధారగా వినిపించడం అద్భుతం. కొనేటప్పుడు రొదను పూర్తిగా తుడిచేసిన ప్రతి కన్నా కాస్త బరబర మిగిల్చిన ప్రతినే ఎంచుకోండి. అతిగా శుభ్రం చేస్తే ఆ బరబరతో పాటు వయొలిన్ నాదంలోని మెరుపూ పోతుంది.