రాయనని మొండికేసిన అమ్మాయికి

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "దీనికి కథలంటే ప్రాణం అక్కా, రాయమంటే మాత్రం మంచం కింద దూరుతుంది" అని. నువ్వేమో మొన్న రెండు ముక్కల మెసేజ్ పెట్టావు. "పెద్దమ్మా, చదవడం ఇష్టం. రాయడం రాదు. వదిలెయ్యమని అమ్మకి చెప్పు." చెప్పాను. ఇక అడగదు. ఇప్పుడు మనిద్దరం తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

రాయడం రాదన్నావు చూడు, అది నేను ఒప్పుకోను. గృహప్రవేశం నాడు డాబా మీద పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని పలాస బస్సులో కోడిపుంజు కథ చెప్పింది నువ్వే కదా! కండక్టరు పుంజుకి టికెట్ తియ్యమంటాడు. ముసలమ్మ "దానికి సీటిచ్చినావేటి బాబూ, నా ఒళ్లోనే కదా ఉంది" అంటుంది. సరిగ్గా అప్పుడు పుంజు కూస్తుంది. ఆ కూతకి ముందు నువ్వు కాసేపు ఆగావు. అలా ఆగాలని నీకెవరు చెప్పారు? తలలు నెరిసిన రచయితలు కొందరికి అది ఇప్పటికీ పట్టుబడలేదు. పేర్లు చెప్పను, అందరూ తెలిసినవాళ్లే.

అదే కథని బళ్లో రాయమంటే ఏం రాశావో మీ అమ్మ ఫొటో తీసి పంపింది. "ఒక గ్రామమున ఒక వృద్ధురాలు నివసించుచుండెను. ఆమె వద్ద ఒక కోడి కలదు." చివర్న "నీతి: జంతువులను ప్రేమించవలెను." బస్సేదే? ముసలమ్మ నోరెవరు నొక్కేశారు? నీకు రానిదల్లా ఆ "కలదు" భాష ఒక్కటే. అది రాకపోతే కథకి వచ్చిన నష్టమేమీ లేదు.

మన శ్రీకాకుళం జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేసిన మనిషి. మనుషులు మాట్లాడుకునే తెలుగు పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని బళ్లో పటానికి దండ వేస్తారు. మర్నాడు నువ్వు "ఏటి" అని రాస్తే కింద ఎర్రగీత గీస్తారు. పరీక్షలో వాళ్లడిగినట్టే రాయి, మార్కులు కావాలి కదా. కథలో మాత్రం ముసలమ్మని ముసలమ్మలాగే మాట్లాడనీ.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటావట. ఊరిపేరు, వయసు, అన్నదమ్ములెందరు, ఇవన్నీ అప్పజెప్పాకే కథ కదలాలని రూలేం లేదు. గురజాడ గారి 'దిద్దుబాటు' 1910 నాటిది. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన మగడు తలుపు కొట్టడంతో మొదలవుతుంది. అతనెవరో, ఎక్కణ్ణుంచి వస్తున్నాడో మనకి నెమ్మదిగా తెలుస్తుంది. నువ్వూ కండక్టరు "టికెట్" అనడంతో ఎత్తుకో. అప్పటికీ పెన్ను కదలకపోతే ఫోన్లో రికార్డింగు పెట్టి మీ తమ్ముడికి కథ చెప్పు. వాడు "ఎందుకు?" అని అడ్డం వచ్చిన చోట్లు గుర్తుపెట్టుకో. తర్వాత విని, విన్నది విన్నట్టు కాగితం మీదికి ఎక్కించు. "అప్పుడేటయిందంటే"లన్నీ ఉండనీ. కొట్టివేతలు మర్నాటి పని.

చందమామ 1947లో మొదలైంది. అందులో నెలనెలా రెండు ఫొటోలు వేసి, ఒక్కోదానికి చిన్న వ్యాఖ్య రాసి కార్డు మీద పంపమనేవారు. రెండు వ్యాఖ్యలూ ఒకదానికొకటి అతకాలి. నాలుగైదు మాటలు చాలు. రాయనని భీష్మించుకున్న పిల్లలు కూడా దానికి లొంగిపోయేవారు. మీ ఇంట్లో ఫోన్ నిండా ఫొటోలే కదా, ఏవో రెండు తీసుకుని ప్రయత్నించు. రోజుకో పేజీ రాసి తీరాలని మీ అమ్మ పెట్టిన నియమం కంటే ఇది వెయ్యి రెట్లు నయం (ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించు).

ఆ చందమామలోనే కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా పనిచేశారు. బయటినుంచి వచ్చిన కథల్ని కూర్చుని తిరగరాసేవారు. అచ్చులో అంత తేటగా చదివిన కథలు పోస్టులో దిగినప్పుడు అలా ఉండేవి కావన్నమాట. నీకు నచ్చిన పుస్తకంలో పేజీనీ నీ రఫ్ నోట్సునీ పక్కపక్కన పెట్టి బెంగపడతావేం? అది విస్తట్లో వడ్డించింది, ఇది ఇంకా పొయ్యి మీదుంది.

సొంతంగా ఏమీ తోచదంటావా, అరువు తెచ్చుకో. బేతాళుడు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు జవాబిస్తాడు. ఆ జవాబు నీకు నచ్చని కథ ఒకటైనా ఉండకపోదు. అక్కడ నీ జవాబు రాయి. కథ వాళ్లది, తగువు నీది. చివర్న నీతి మాత్రం వద్దు.

నాన్ననడిగి ఒకసారి శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. అచ్చయిన తెలుగు కథలన్నీ ఒక్కచోట దొరకాలని ఆ బడిపంతులు పట్టుబట్టి పాత పత్రికలు పోగేశారు. అక్కడ పేరున్నవాళ్ల పుస్తకాలు అడక్కు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఏదో ఒక పాత వారపత్రిక తీసి, నువ్వెప్పుడూ వినని మనిషి రాసిన కథ చదువు. కొన్ని బాగోవు. ఎక్కడ విసుగొచ్చిందో అక్కడ వేలు పెట్టి చూడు, ఎందుకొచ్చిందో. గొప్ప కథ చదివితే ఇలా నేను రాయగలనా అని గుండె జారుతుంది. చప్పటి కథ చదివితే దీనికంటే నేనే బాగా చెప్తానని చెయ్యి దురదపెడుతుంది. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

రాసింది ముందు తమ్ముడికి వినిపించు. అమ్మకీ టీచరుకీ తర్వాత, అదీ నీకు బుద్ధి పుడితేనే. ఒత్తులూ దీర్ఘాలూ నేను చూస్తాలే. అసలు రాయకపోయినా నాకు కోపం లేదు. నీలా చదివేవాళ్లు లేకపోతే మేం రాసి ఎవరికి చూపించుకోవాలి?

దసరాకి వచ్చేటప్పుడు నోటు పుస్తకం తెస్తాను. గీతలున్నదా, తెల్లదా, ముందే చెప్పు.

మీ పెద్దమ్మ