ఇల్లు ఒకచోట, కొట్టు ఒకచోట... ఓటెక్కడ?

ప్ర: మా ఇల్లు తిరుచానూరులో, కొట్టు తిరుపతి టౌన్లో. రోజంతా టౌన్లోనే ఉంటాను. కానీ నా ఓటు చిత్తూరు ఎంపీకి పడుతోంది. వచ్చే లోక్‌సభ ఎన్నికల్లోపు తిరుపతికి మార్చుకోవచ్చా?
– ఒక వ్యాపారి, తిరుచానూరు

జ: కొట్టు చూపించి మార్చుకోలేరు. కాపురం ఎక్కడుంటే ఓటూ అక్కడే. తిరుచానూరు ఉన్న తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి అసెంబ్లీ కిందికి వస్తుంది, చంద్రగిరేమో చిత్తూరు లోక్‌సభలో ఉంది. పక్కనున్న టౌను మాత్రం గూడూరు, సూళ్లూరుపేటలతో కలిసి తిరుపతి లోక్‌సభ. వింతగానే ఉంటుంది, కానీ గీసిన గీత అది.

నిజంగానే కాపురం టౌనుకు మారిస్తే ఫారం 8 పెట్టండి. కొత్త చిరునామాకు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రిజిస్టరైన అద్దె ఒప్పందం లాంటిదొకటి చాలు. చాలామంది పొరపాటున ఫారం 6 నింపుతారు. అది మొదటిసారి ఓటరయ్యేవాళ్లది. దాంతో పేరు రెండుచోట్ల పడుతుంది. తెలిసీ తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఫారం 8తో అయితే పాత పేరు కొత్తచోటికి మారుతుంది, కార్డు నంబరు మారదు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక జాబితాలో మార్పులుండవు. అభ్యంతరాలకు వారం గడువివ్వాలి గనక ఆ తేదీకి కనీసం పది రోజుల ముందే పెట్టాలి. నన్నడిగితే షెడ్యూలు వచ్చేదాకా ఆగకండి. కార్డు చేతిలో ఉంది కదా అని ధీమా వద్దు, జాబితాలో పేరు లేకపోతే అది పనికిరాదు. అనుమానముంటే 1950కి ఫోన్ చేయండి.

ప్ర: బూత్‌కు వెళ్లేసరికి మన ఓటు ఎవరో వేసేసి ఉంటే ఏం చేయాలి?
– ఒక గృహిణి, చిత్తూరు

జ: తిరిగి వచ్చేయకండి. ప్రిసైడింగ్ ఆఫీసర్ని టెండర్ ఓటు అడగండి. మీరెవరో రుజువు చేసుకుని, ఫారం 17బీలో సంతకం పెడితే కాగితం బ్యాలెట్ ఇస్తారు. ముద్ర వేసి ఇస్తే కవర్లో పెడతారు, మిషన్లో పడదు. కౌంటింగ్ రోజు దాన్ని లెక్కపెట్టరు. కేసు కోర్టుకెళ్లి, అక్కడ అవసరమనుకుంటేనే బయటికొస్తుంది. అందుకే పొద్దున్నే వెళ్లి వేసి రావడం మేలు. ఇంకోటి, అసెంబ్లీ ఎన్నికలూ అదేరోజైతే మిషన్లు రెండుంటాయి: తెల్ల కాగితం లోక్‌సభది, గులాబీది అసెంబ్లీది. బటన్ నొక్కాక, ఓటెవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లే కనిపిస్తుంది, చూపు అటే ఉంచండి.

ప్ర: ఎన్నికల మీద వచ్చిన మంచి విదేశీ సినిమాలు చెప్పండి. సబ్‌టైటిల్స్ చదివేలోపే మాయమవుతున్నాయి.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జ: ముందు భూటాన్ సినిమా 'ద మాంక్ అండ్ ద గన్' (2023) చూడండి. రాజే ప్రజాస్వామ్యం ఇస్తానంటే, అడగని జనానికి ఓటేయడం నేర్పడానికి అధికారులు ఉత్తుత్తి ఎన్నిక పెడతారు. నీలం, ఎరుపు, పసుపు పార్టీలు. పసుపంటే మనవాళ్లకు గుర్తొచ్చేది కాదు, అక్కడది రాజుగారి రంగు. ఆ సంగతి తెలిసి చూస్తే నవ్వు ఎక్కువొస్తుంది. 'కాంక్లేవ్' (2024) పోప్ ఎన్నిక కథ. మనకు ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే. అక్కడ మూడింట రెండొంతులు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వేస్తూనే ఉంటారు, కథలో బిగువంతా అక్కడే. చివరి మలుపు మాత్రం అతికించినట్టుంది.

కొంచెం పాతదైనా 'నో' (2012) వదలొద్దు. 1988లో చిలీలో నియంత పినోచెట్ కొనసాగాలా వద్దా అని ప్రజల్ని అడిగినప్పుడు, రాత్రికి పదిహేను నిమిషాల టీవీ ప్రచారంతో 'వద్దు' పక్షం ఎలా నెగ్గిందో ఇందులో ఉంది. ఆ కాలపు వీడియో కెమెరాలతో తీశారు గనక బొమ్మ వెలిసినట్టు, చదరంగా ఉంటుంది. టీవీ పాడైందనుకోకండి. పక్కన నల్లటి ఖాళీ ఉందని జూమ్ నొక్కితే తలలు తెగుతాయి, ఒక్కోసారి సబ్‌టైటిల్స్ కూడా.

అసలు భాషలోనే పెట్టుకోండి. ఇంగ్లీషు డబ్బింగ్ పెడితే చెవిన పడే మాట ఒకటి, కింద అక్షరం ఇంకొకటి అవుతుంది. సీసీ అని ఉన్నవాటిలో తలుపు చప్పుడు, సంగీతం కూడా రాస్తారు, చదవాల్సింది పెరుగుతుంది. మామూలు సబ్‌టైటిల్స్ ఉంటే వాటినే ఎంచుకోండి. సెట్టింగుల్లో అక్షరం పెద్దది చేసి, వెనక నల్ల పట్టీ పెట్టుకోండి. ఫోన్లో మాత్రం వద్దు.