గేటు చప్పుడైతే గుండె దడ

ప్రశ్న: మాది కోనసీమలో పాత మండువా లోగిలి. మావారు రిటైరయ్యాక నాలుగు గదుల్లో హోమ్‌స్టే పెట్టాం. మూడేళ్లయింది. సిటీ పిల్లలు కవ్వం తాడు పట్టుకుని వెన్న తీస్తామని పోటీ పడుతుంటే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు గేటు చప్పుడైతే చాలు, గుండె దడ. మావారేమో గెస్టులతో కబుర్లాడుతూ "భోంచేసే వెళ్లండి" అనేస్తారు. మడి సాగడం లేదని అత్తయ్యగారి బాధ. పండక్కి తనకు గదే ఉండదని అమ్మాయి రావడం మానేసింది. మూసేద్దామంటే, నెలకు ఖర్చులు పోను 28 వేలు మిగులుతున్నాయి కదా అని మావారు వినరు. ఏం చేయను? (54 ఏళ్ల గృహిణి)

జవాబు: అమ్మా, మూసేయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. వచ్చేవాళ్ల మీద మీకు ఇష్టం పోలేదని ఆ కవ్వం మాటలోనే తెలుస్తోంది. పోయింది మీకంటూ ఓ మూల, మీదంటూ ఓ గంట.

ముందు ఆ 28 వేల లెక్క చూద్దాం. మీ స్థానంలో వంటమనిషిని పెడితే 12 వేలు, గదులూ బాత్రూములూ కడిగే మనిషికి 8 వేలు అనుకోండి. ఇక మిగిలేది 8 వేలే. లాభం అనుకుంటున్నదాంట్లో 20 వేలు మీ చేతికి రాని మీ జీతం! రెండు వారాలపాటు ఓ పుస్తకంలో ఎన్నింటికి లేచారు, ఎవరికేం వండారు, ఎన్నింటికి పడుకున్నారు రాయండి. గెస్టులు లేని రోజు చూసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక మీవారి ముందు పెట్టండి. అలసిపోయిన రాత్రి ఈ ప్రసక్తి తేవద్దు. ఎంత న్యాయమైన మాటైనా అప్పుడు దెప్పినట్టే వినిపిస్తుంది.

ఆయన మాటకారితనం ఈ వ్యాపారానికి పెట్టుబడి. బుకింగ్ ఫోన్లు, ఐడీ కార్డుల నమోదు, విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు పంపడం, టిఫిన్ వడ్డన ఆయనకే అప్పగించండి. అద్దెలో టిఫిన్ ఒక్కటే ఉంటుందనీ, భోజనం కావాలంటే ముందురోజు సాయంత్రం 6 లోపు చెప్పి విడిగా డబ్బు కట్టాలనీ ఆయన నోటితోనే చెప్పించండి. రేటింగ్ పడిపోతుందన్న భయం వద్దు. బుక్ చేసేటప్పుడే తెలిసిన షరతుకు ఎవరూ నొచ్చుకోరు. గుమ్మంలో నిలబెట్టి 'లేదు' అంటేనే కోపం వస్తుంది.

టిఫిన్ రెండు రకాలు చాలు. 8 మందికి 200 గ్రాముల మినప్పప్పు, 400 గ్రాముల ఇడ్లీ రవ్వ పోస్తే ముప్ఫై ఇడ్లీల దాకా వస్తాయి. ఎండాకాలం ఉక్కకు సాయంత్రం రుబ్బిన పిండి తెల్లారేసరికి పులిసిపోతుంది కాబట్టి పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఎందరొస్తారో రాత్రి దాకా తేలని రోజు పెసరట్టే మేలు. పెసలు ఐదారు గంటలు నానితే చాలు, పులియబెట్టే పని లేదు.

బాత్రూముతో కలిపి ఒక గది సర్దడానికి ముప్పావుగంట పడుతుంది. నాలుగు గదులకు మూడు గంటలు. అందుకే 10కి ఖాళీ చేయించి, 1కి ముందు ఎవరినీ దించుకోకండి. మంచానికి మూడు జతల దుప్పట్లు ఉండాలి, వానాకాలం ఆరవు కాబట్టి నాలుగు. ఉతుకు బయటికే ఇవ్వండి.

అసలు చిక్కు మీ ఇంటి కట్టడంలోనే ఉంది. మండువా చుట్టూ గదులు కావడంతో, ఎవరు స్నానానికి వెళ్లినా అత్తయ్యగారి ముందునుంచే నడవాలి. ఆవిడది చాదస్తం అనుకోకండి, మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లకు మిగిలే చోటు ఆ మండువా వసారానే. వీధి అరుగు వైపు తలుపున్న గదులే గెస్టులకు ఉంచి, మండువాలోకి తెరుచుకునేవి వెనక్కి తీసుకోండి. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఆరు గదుల దాకా ఒప్పుకుంటుంది గానీ, అన్నీ ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు.

కనుమనాడు మీ కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతర ఉంటుంది కనుక ఆ వారం గదికి ఎంతడిగినా ఇస్తారు. అయినా అమ్మాయి కోసం ఈ ఒక్క ఏడాది భోగి ముందురోజు నుంచి ముక్కనుమ దాకా క్యాలెండర్‌లో అన్ని గదులూ మూసేయండి. ఆ నాలుగైదు రాత్రుల ఆదాయం పోతుంది, నిజమే. పోనివ్వండి.

ఈ మార్పులన్నీ చేసినా దడ, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు పాత మాటే నిలబెట్టండి, కొత్త షరతులు వచ్చే నెల నుంచి పెట్టుకోవచ్చు. అమ్మాయికి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, పండక్కి ఏ గది కావాలో తననే అడగండి.