అడవిలో రోడ్డుకు గ్రామసభ అక్కర్లేదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర కొండ దిగువ పల్లె. పైనున్న సవర గూడేలకు అడవి మధ్యగా ఏడు కిలోమీటర్ల రోడ్డు వేస్తామని చెట్లకు నంబర్లు వేశారు. రోడ్డుకు గ్రామసభ అనుమతి అక్కర్లేదని గుత్తేదారు అంటున్నారు. డోలీ మోత తప్పుతుందని చాలామంది రోడ్డు కావాలంటున్నారు గానీ అడవి పోతుందన్న భయమూ ఉంది. కర్బన ఉద్గారాలు పెరుగుతాయన్న కారణంతో కోర్టుకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: గుత్తేదారు చెప్పినదానిలో సగమే నిజం. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) ప్రకారం గ్రామానికి అవసరమైన రోడ్డు కోసం ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా ఇవ్వవచ్చు. అయితే దానికి గ్రామసభ సిఫార్సు తప్పనిసరి. మీరు వెడల్పు రాయలేదు. ఆరు మీటర్లనుకుంటే ఏడు కిలోమీటర్లకు 4.2 హెక్టార్లవుతుంది. అంటే ఈ రోడ్డు ఆ సెక్షన్‌లో ఇమడదు. ఒకే రోడ్డును ముక్కలుగా చూపి ఒక్కొక్కటీ హెక్టారు లోపే అనిపిస్తే, దాన్ని గ్రామసభ అభ్యంతరంగా రాతపూర్వకంగా నమోదు చేయించండి.

హెక్టారు దాటితే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, సెక్షన్ 2 కింద కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. 2023 సవరణ మాత్రం వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతంగా నోటిఫై అయిన చోట, కేంద్రం పేర్కొన్న ప్రజోపయోగ పనులకు 5 హెక్టార్ల వరకు మినహాయింపునిచ్చింది. అది 1980 చట్టం నుంచి మినహాయింపే తప్ప అటవీ హక్కుల చట్టం నుంచి కాదు. ఇక గుత్తేదారు మాటకు మూలం, రోడ్లు, కాలువల వంటి పనులకు గ్రామసభ సమ్మతి అక్కర్లేదంటూ కేంద్ర పర్యావరణ శాఖ 2013 ఫిబ్రవరి 5న ఇచ్చిన లేఖ అయివుంటుంది. ఆదిమ గిరిజన సమూహాల (గిరిజనుల్లో మరీ బలహీనమైనవిగా ప్రభుత్వం గుర్తించిన తెగల) గుర్తింపు పొందిన హక్కులకు భంగం కలిగితే ఆ సడలింపు వర్తించదని అదే లేఖ చెబుతోంది. లాంజియా సవరలు ఆ సమూహాల జాబితాలో ఉన్నారు. కనుక పై గూడేల వారు సవరల్లో ఏ శాఖ, వారి హక్కులకు పట్టాలు వచ్చాయా అన్నదే మీ కేసుకు ఆయువుపట్టు.

కర్బనం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎండిన కలప బరువులో దాదాపు సగం కర్బనమే. ఒక టన్ను కర్బనం కాలితే సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అయినా మీ 4.2 హెక్టార్లలో పోయేది అసలు నష్టంలో చిన్న భాగమే. అమెజాన్‌లో నరికివేతలో సుమారు 95 శాతం రోడ్డుకు ఐదున్నర కిలోమీటర్లలోపు, లేదా నదికి కిలోమీటరులోపు జరిగిందని తేలింది. అక్కడ ప్రధాన రహదారి నుంచి చేపముల్లులా అక్రమ దారులు చీలి, వాటి వెంట కలప లారీలు, పశువుల మేత మైదానాలు వచ్చాయి. మన కొండలు అమెజాన్ కావు, ఆ శాతాన్ని ఇక్కడ వర్తింపజేయడం తప్పు. కానీ మీ రోడ్డుకు ఇరువైపులా ఒక్కొక్క కిలోమీటరు లెక్కేసినా 1,400 హెక్టార్లు లారీకి అందుబాటులోకి వస్తాయి. చట్టం లెక్కించేది రోడ్డు పట్టీని మాత్రమే. నా దృష్టిలో ఇది చట్టంలోని పెద్ద లోటు.

కర్బనం ఒక్కటే ఆధారంగా కేసు నిలవడం కష్టం. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న ఎం.కె. రంజిత్‌సింగ్ కేసులో రాజ్యాంగం 14, 21 అధికరణల కింద గుర్తించింది గనుక దాన్ని అదనపు వాదనగా వాడండి. అసలు బలం అనుమతుల లోపాల్లోనే ఉంటుంది.

ముందుగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రోడ్డు మ్యాపు, చెట్ల జాబితా, ఏ సెక్షన్ లేదా మినహాయింపు కింద పని చేస్తున్నారన్న ఉత్తర్వు అడగండి. గ్రామసభ పెడితే సగం మంది సభ్యులు, అందులో మూడో వంతు మహిళలు ఉండేలా చూడండి. రోడ్డు కావాలనేవారు మీలోనే ఎక్కువ కాబట్టి తిరస్కరించడం కంటే షరతులతో తీర్మానం చేయడం మేలని నా సలహా: వెడల్పు పెంచరాదు, పక్కదారులు తీయరాదు, అడవి మొదట్లో చెక్‌పోస్టు ఉండాలి. మీ సామూహిక అటవీ వనరు హక్కుకు (ఊరు ఉమ్మడిగా వాడుకునే అడవిని కాపాడి, నిర్వహించుకునే హక్కు) ఇప్పటికీ దరఖాస్తు చేయకపోతే వెంటనే చేయండి. రోడ్డు పడిన తర్వాత పక్క అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఆ హక్కుతోనే గట్టిపడుతుంది.

రోడ్డు దారిలో పోడు భూములుంటే, ఆ హక్కుల దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవారిని విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించరాదని అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) చెబుతోంది.

1980 చట్టం ఉల్లంఘన జరిగితే కారణం తలెత్తిన ఆరు నెలల్లోగా పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు, కోల్‌కతాలోని దాని బెంచికి వెళ్లాలి; తగిన కారణం చూపితే మరో 60 రోజులు దొరుకుతాయి. అటవీ హక్కుల చట్టం ఉల్లంఘన మాత్రమే అయితే కటక్‌లోని ఒడిశా హైకోర్టులో రిట్ వేయాలి, ఎందుకంటే ఆ చట్టం ట్రైబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు.