మీరడిగారు: కువైట్ యుద్ధం డబ్బు మాకెందుకు రాలేదు?

ప్రశ్న: 1990లో మా నాయన కువైట్‌లో డ్రైవరు. యుద్ధం వచ్చి కట్టుబట్టలతో ఇంటికొచ్చేశాడు. మా పక్కింటాయనకి తర్వాత డాలర్ల లెక్కన పరిహారం వచ్చింది, మాకు రాలేదు. ఆ డబ్బు ఎవరిచ్చారు? ఇప్పుడు అప్లై చేస్తే వస్తుందా?
- ఒక పాఠకుడు, రాయచోటి

జవాబు: ముందు రెండోది చెప్పేస్తా, రాదండి. ఎవరైనా ఏజెంటు ఇప్పుడు ఇప్పిస్తానని ఫీజు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇక ఇచ్చిందెవరంటే మన గవర్నమెంటూ కాదు, కువైటూ కాదు, ఇరాక్. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లో దిగింది కదా, ఆ నష్టం ఇరాకే కట్టాలని 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో ఒక కమిషన్ పెట్టి, ఇరాక్ అమ్ముకునే ఆయిల్ డబ్బులో కోత పెట్టింది, మొదట్లో నూటికి 30. ఉన్నపళంగా దేశం వదిలి రావాల్సొచ్చినవాళ్ళకి మనిషికి 2,500 డాలర్లు, ఫ్యామిలీకి 5,000, ఇంకే క్లెయిమూ వెయ్యం అని రాసిస్తే 4,000, 8,000. దరఖాస్తులు మన ప్రభుత్వం ద్వారానే పోవాలి, గడువు 90ల్లోనే అయిపోయింది.

చాలామందికి అడ్డం పడింది కాగితాలే. అప్పుడు అక్కడున్నట్టు ఆధారం చూపించాలి, మరి పాస్‌పోర్టేమో కఫీల్ (అంటే పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉంటుంది, ఆకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్) ఉన్నవాడు ఉన్నాడు లేనివాడు లేడు, ప్రాణం అరచేతిలో పెట్టుకుని బాగ్దాద్ మీదుగా జోర్డాన్ బోర్డర్‌కి చేరి ఎడారి టెంట్లలో నీళ్ళకి లైన్లో నిలబడ్డవాడు ఫైలు పట్టుకొస్తాడా చెప్పండి. అమ్మాన్ నుంచి ఎయిరిండియా 59 రోజుల్లో 488 ఫ్లైట్లు నడిపి మనవాళ్ళని తెచ్చింది, అది నిజంగా గొప్ప పనే, కానీ ఇంటికొచ్చాక అప్పులోడు గడపలో కూర్చుంటే ఆ రికార్డు కూడు పెట్టదు. వీసా కోసం పొలం తాకట్టు పెట్టి పోయినవాళ్ళ సంగతైతే మరీ ఘోరం, జీతమేమో ఆగిపోయింది, వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇంకో మాట. ఇరాక్ చివరి వాయిదా కట్టింది 2022లో, మొత్తం 52.4 బిలియన్ డాలర్లు. సద్దాం ఉరికెక్కి పదిహేనేళ్ళయినా అక్కడి మామూలు జనం ఆయిల్ అమ్మి కడుతూనే ఉన్నారన్నమాట. వాళ్ళని అడిగి చేశాడా యుద్ధం?

ప్రశ్న: 1991లో మన దేశం బంగారం తాకట్టు పెట్టింది ఈ యుద్ధం వల్లేనా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: సగం నిజం. అప్పటికే గవర్నమెంటు ఖర్చు రాబడిని మించిపోయి, విదేశాల్లో షార్ట్ టర్మ్ అప్పులు పేరుకుపోయి, ఢిల్లీలో ప్రభుత్వాలు నిలవక బండి ఊగుతోంది, యుద్ధం వచ్చి ఒక్క తోపు తోసింది. 17 డాలర్లున్న బ్యారెల్ ఆయిల్ అక్టోబరుకల్లా 40 దాటింది, ఇటు గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుకి దెబ్బ పడింది, పైగా ఎన్నారైలు భయపడి బ్యాంకుల్లో డిపాజిట్లు లాగేసుకున్నారు. చివరికి దిగుమతులకి రెండు మూడు వారాలకి సరిపడా డాలర్లే మిగిలాయి. 1991 జూలైలో సుమారు 47 టన్నుల బంగారం లండన్ పోయింది, అదే నెల మొదట్లో రెండు దఫాలుగా రూపాయి విలువ తగ్గించారు. ప్రధాని మన పి.వి.గారే, కుర్చీలో కూర్చుని పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు. అందుకే ఆయన్ని తిట్టేవాళ్ళు ముందు 1990 లెక్కలు చూడాలంటాను.

ప్రశ్న: మా మేనత్త ట్రంకుపెట్టెలో అప్పటి కువైట్ దినార్లున్నాయి. మారతాయా?
- రాజోలు పాఠకురాలు

జవాబు: మారవమ్మా. ఇరాక్ వచ్చీ రాగానే కువైట్ దినార్‌ని తన దినార్‌తో సమానం చేసి, తర్వాత చెల్లదనేసింది, ఏళ్ళ తరబడి దాచుకున్నది రాత్రికి రాత్రి చిత్తుకాగితం అయింది. విడుదలయ్యాక కువైట్ 1991 మార్చిలో కొత్త నోట్లు తెచ్చి పాతవి ఆ ఏడాదే రద్దు చేసింది. పాత నోట్లు పోగుచేసేవాళ్ళు కొంటారేమో అడగండి, చిరిగినవైతే పెద్దగా ఏమీ రాదు.